డ్రాఫ్ట్ నొక్కితే ఓడ లోతు: ఒక గ్లాసరీలో మాటకీ మాటకీ లింకు పెట్టిన కేస్ స్టడీ

“ఏటమ్మా ఇది? లారీ ఎంట్రీ సగంలో ఆపి దాచుకుందామని మీ మాన్యువల్లో డ్రాఫ్ట్ అన్న మాట నొక్కేను. ఓడ అడుగు నీళ్లలో ఎంత లోతు మునిగిందో అది డ్రాఫ్ట్ అంటాది. లారీని నీళ్లలో దించమంటావేటి?”

ఫోన్ చేసింది మా క్లయింట్ యార్డులో షిఫ్ట్ సూపర్‌వైజర్ గారు. నవ్వాపుకుని ఆయన చెప్పిన పేజీ తెరిచాను. ‘వివరాలు పూర్తిగా లేకపోతే డ్రాఫ్ట్‌గా సేవ్ చేయండి’ అన్న వాక్యంలో ‘డ్రాఫ్ట్’ నీలం రంగులో ఉంది. నొక్కితే గ్లాసరీకి, అంటే మాటల అర్థాల పట్టికకి, వెళ్తోంది. అక్కడ ‘నీటిమట్టం నుంచి ఓడ అడుగుభాగం వరకు ఉన్న లోతు’ అని అర్థం. ఆ లింకు నేను పెట్టలేదు, నేను రాయించిన స్క్రిప్ట్ పెట్టింది. అయినా ఫోన్ నాకే వస్తుంది కదా.

ఆ ఫోన్ తర్వాత మొత్తం పని మళ్లీ మొదటి నుంచి చేశాం. ఎక్కడ తప్పాం, ఏం మార్చాం అన్నదే ఈ కేస్ స్టడీ.

పని ఏమిటంటే

మాది విశాఖ రుషికొండలో చిన్న టీమ్. పోర్టు దగ్గర సరుకు దించి, నిల్వ చేసి, పంపించే ఒక కంపెనీ వాడే సాఫ్ట్‌వేర్‌కి డాక్యుమెంటేషన్ రాస్తాం. ఆఫీసులో కూర్చునేవాళ్లకి ఇంగ్లిష్ మాన్యువల్. లారీలు తూచే వే బ్రిడ్జ్ దగ్గర, సరుకు వ్యాగన్లు ఆగే రైల్వే సైడింగ్ దగ్గర, ఓడ వచ్చి ఆగే బెర్త్ మీద పని చేసేవాళ్లకి తెలుగు మాన్యువల్. తెలుగుదాని చివర 190 దాకా మాటలున్న గ్లాసరీ ఉంది. మూడేళ్లుగా ఎవరికి తోచిన మాట వాళ్లు చేర్చుకుంటూ వచ్చాం. ఏ మాటకి ఆ మాటే ఒంటరిగా కూర్చుంది. ఒకదాని అర్థం చదువుతుంటే అందులో ఇంకో తెలియని మాట తగులుతుంది. దాని కోసం మళ్లీ వెనక్కి, ముందుకి తిప్పుకోవాలి.

క్లయింట్ అడిగింది ఒక్క ముక్క: మాటల మధ్య లింకులు పెట్టండి. వారంలో ఇస్తామన్నాం. మిగతా పనుల మధ్య రెండున్నర నెలలు పట్టింది.

టూల్ స్ఫింక్స్. పైథాన్ డాక్యుమెంటేషన్ కోసం తయారై 2008లో బయటికి వచ్చింది. గ్లాసరీ డైరెక్టివ్ కింద మాటలూ అర్థాలూ రాసిపెడితే చాలు. మాన్యువల్లో ఎక్కడైనా టర్మ్ అనే రోల్‌లో (అంటే ఒక ప్రత్యేక గుర్తులో) ఆ మాటను పెట్టగానే లింకు దానంతట అదే పడుతుంది. ఆ మాట గ్లాసరీలో లేకపోతే బిల్డ్ సమయంలో, అంటే ఫైళ్ల నుంచి మాన్యువల్ తయారయ్యేటప్పుడు, వార్నింగ్ ఇస్తుంది. వార్నింగ్‌లను ఎర్రర్లుగా లెక్కించే ఆప్షన్ ఆన్ చేస్తే బిల్డ్ ఫెయిలవుతుంది. నేనైతే గ్లాసరీ ఉన్న ప్రతి ప్రాజెక్టులో మొదటి రోజే దాన్ని ఆన్ చేసేస్తాను. ‘తర్వాత చూద్దాం’ అనుకున్న వార్నింగ్‌ని తర్వాత ఎవరూ చూడరు.

స్క్రిప్ట్ చేసిన ఘనకార్యం

మొదట సులువైన దారి పట్టాం. గ్లాసరీలోని ప్రతి మాటనూ మాన్యువల్ మొత్తంలో వెతికి, కనిపించిన చోటల్లా టర్మ్ రోల్ తగిలించే స్క్రిప్ట్ ఒకటి మా జూనియర్ ఒక్క పూటలో రాశాడు. బిల్డ్ శుభ్రంగా వచ్చింది, ఒక్క వార్నింగ్ కూడా లేదు. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

డ్రాఫ్ట్ సంగతి చెప్పాను. ‘కొత్త స్క్రీన్‌ని ముందు పైలట్‌గా ఒక యార్డులో పెట్టాం’ అన్న చోట, ఓడను రేవులోకి నడిపించుకొచ్చే పైలట్‌కి లింకు పడింది. ‘లారీ డెస్పాచ్ స్లిప్’లోని డెస్పాచ్ వెళ్లి ఓడ తొందరగా ఖాళీ అయితే ఇచ్చే డబ్బు దగ్గర తేలింది. బెర్త్ కేటాయింపు పేజీలో బెర్త్ అన్న మాట ప్రతి వాక్యంలోనూ ఉంటుంది మరి, ఆ పేజీ అంతా నీలం బొట్లే. అన్నీ లింకులైతే చదివేవాడు దేన్నీ నొక్కడు.

స్ఫింక్స్ తప్పేమీ లేదు. మాట గ్లాసరీలో ఉందా లేదా అన్నంత వరకే అది చూస్తుంది. ఆ వాక్యంలో ఉన్నది ఆ మాటేనా కాదా అన్నది చదివిన మనిషే చెప్పాలి. స్క్రిప్ట్ పెట్టిన లింకులన్నీ ఒక్క కమిట్‌తో తీసేశాం. మా జూనియర్ ముఖం కాస్త చిన్నబోయింది గానీ, తప్పు అతనిది కాదు, అడిగినదాన్ని నేనే.

చీటీలు, డిమరేజ్ గొడవ

190 ఎంట్రీలనూ ప్రింట్ తీసి, చీటీలుగా కత్తిరించి, మీటింగ్ రూమ్ బల్ల మీద పరిచాం. పాతకాలం పద్ధతే గానీ, స్క్రీన్ మీద ఒకేసారి పాతిక ఎంట్రీలకు మించి కనిపించవు. ఒకదానికొకటి దగ్గరివి అనుకున్న చీటీలను పక్కపక్కన పెట్టడం, ఎందుకు పెట్టామో పెన్సిల్‌తో రాయడం. నియమం ఒక్కటే: కారణం రాయలేకపోతే లింకు లేదు.

మొదటి గంటలోనే డిమరేజ్ దగ్గర ఇరుక్కున్నాం. పాత గ్లాసరీలో ఇలా ఉంది. లేటైమ్: డిమరేజ్ మొదలవడానికి ముందుండే సమయం. డిమరేజ్: లేటైమ్ దాటాక పడే చార్జీ. రెండింటి మధ్య లింకు పెడితే చదివేవాడు ఇక్కడి నుంచి అక్కడికి, అక్కడి నుంచి ఇక్కడికి గానుగెద్దులా తిరుగుతాడు. లింకులు లేనన్నాళ్లూ ఇది మా కంటికే ఆనలేదు.

లేటైమ్ అర్థాన్ని డిమరేజ్ ప్రస్తావన లేకుండా తిరగరాశాం: సరుకు ఎక్కించడానికో దించడానికో ఓడ అద్దె (చార్టర్) ఒప్పందంలో అదనపు చార్జీ లేకుండా ఇచ్చిన సమయం. ఇప్పుడు డిమరేజ్ లేటైమ్ మీద ఆనుకోవచ్చు, లేటైమ్ మాత్రం తన కాళ్ల మీద నిలబడుతుంది. ఆ సమయం ఎప్పటి నుంచి లెక్క? ఓడ పనికి సిద్ధంగా ఉందని మాస్టర్, అంటే ఓడ కెప్టెన్, ఇచ్చే నోటీస్ ఆఫ్ రెడీనెస్ తర్వాత, ఒప్పందంలో రాసుకున్న ప్రకారం. అందుకని లేటైమ్ నుంచి ఆ నోటీసుకు లింకు. లేటైమ్ మిగిల్చి పని ముగిస్తే ఓడ తరఫువాళ్లు ఇచ్చేది డెస్పాచ్, సాధారణంగా డిమరేజ్ రేటులో సగం. అది డిమరేజ్‌కి అద్దంలో బొమ్మలాంటిది, అందుకే వాటికి రెండు వైపులా లింకు.

అంతా కుదిరిందనుకుంటుండగా సైడింగ్ మాన్యువల్ రాసే మా సీనియర్ వచ్చి చీటీ చూసి, “ఇదేం డిమరేజ్? ఓడ ఎక్కడి నుంచి వచ్చింది ఇందులోకి?” అన్నారు.

ఆయన పాతికేళ్లు రైల్వే సరుకుల వైపు పని చూసిన మనిషి. ఆయన డిమరేజ్ వేరు. రైల్వేలో వ్యాగన్లను ఫ్రీ టైమ్ (చార్జీ లేకుండా ఇచ్చే గడువు) దాటి ఆపి ఉంచితే పడేది డిమరేజ్. 1989 రైల్వే చట్టంలో నిర్వచనమే ఉంది. అదే చట్టంలో వార్ఫేజ్ కూడా ఉంది: ఫ్రీ టైమ్ దాటినా రైల్వే స్థలం నుంచి సరుకు తీసుకెళ్లకపోతే పడే చార్జీ. మరి పోర్టులో వార్ఫేజ్ అంటే? వార్ఫ్, అంటే ఓడ పక్కనుండే రేవు గట్టు, మీదుగా సరుకు వెళ్లినందుకు కట్టేది. ఆలస్యంతో సంబంధం లేదు. ఒక్క నిమిషం ఆలస్యం కాకపోయినా కట్టాల్సిందే. కంటైనర్ల వైపు వెళ్తే డిమరేజ్‌కి ఇంకో అర్థం. నిండు డబ్బా టెర్మినల్ లోపల గడువు దాటి ఉండిపోతే డిమరేజ్, బయటికి తీసుకెళ్లిన డబ్బాను గడువులోగా తిరిగివ్వకపోతే డిటెన్షన్.

ఇంకో ఊళ్లో ఈ మూడూ మూడు వేర్వేరు మాన్యువల్స్‌లో ఉండిపోయేవేమో. విశాఖలో అలా కుదరదు. కొత్తవలస–కిరండూల్ లైన్ మీద ఇనుప ఖనిజం రేక్ (వ్యాగన్ల వరుస) దిగుతుంది, అదే ఖనిజం ఓడ ఎక్కుతుంది. పొద్దున వ్యాగన్ డిమరేజ్ ఎంట్రీ చేసిన గుమస్తానే సాయంత్రం ఓడ డిమరేజ్ షీటు చూస్తాడు. రెండూ ఒకే సాఫ్ట్‌వేర్‌లో, ఒకే పేరుతో.

డిమరేజ్ అని రెండు ఎంట్రీలు పెడితే డూప్లికేట్ టర్మ్ అని స్ఫింక్స్ వార్నింగ్ ఇస్తుంది, ఇక్కడ దాని గొణుగుడు సబబే. అందుకని డిమరేజ్ (ఓడ), డిమరేజ్ (వ్యాగన్), డిమరేజ్ (కంటైనర్) అని మూడు ఎంట్రీలు చేశాం. ఉత్త డిమరేజ్‌ని కూడా ఉంచాం. దాని కింద అర్థం లేదు, ‘మీరు ఎక్కడ ఉన్నారు: ఓడ దగ్గరా, సైడింగ్ దగ్గరా, కంటైనర్ యార్డులోనా?’ అన్న ప్రశ్న, మూడు లింకులు ఉన్నాయి. వార్ఫేజ్‌కీ ఇదే పద్ధతి. ఈ మూడింటి మధ్య ‘ఇవీ చూడండి’ అని రాయలేదు. ‘దీనితో కలపొద్దు’ అని రాశాం. ఇవి చుట్టాలు కావు, ఒకే ఇంటిపేరున్న పరాయివాళ్లు.

అలా మా లింకులు మూడు రకాలయ్యాయి. ‘చూడండి’ అంటే ఇక్కడ అర్థం లేదు, అసలు ఎంట్రీ అక్కడుంది అని. మన నిఘంటువుల్లో ‘చూ.’ అని ఉంటుందే, అది. ‘ఇవీ చూడండి’ అంటే అర్థం ఇక్కడే ఉంది, ఇంకాస్త తెలియాలంటే అటు వెళ్లండి అని. ‘కలపొద్దు’ మా సొంతం. మొదటి రెండింటినీ డాక్యుమెంటేషన్ రాయడానికి వాడే ఇంకో ఫార్మాట్ డాక్‌బుక్ ఎప్పుడో విడగొట్టేసింది. అందులో ఒక ఎంట్రీకి ‘చూడండి’ అయినా ఉండాలి, అర్థమైనా ఉండాలి, రెండూ ఉండకూడదు. ‘ఇవీ చూడండి’ మాత్రం అర్థం లోపలే వస్తుంది. స్ఫింక్స్ గ్లాసరీలో అంత కట్టుబాటు లేదు, చివరి వరుసగా మనమే రాసుకోవాలి. కట్టుబాటు లేనిచోట మనుషులు ఏం చేస్తారో తెలిసిందే కదా, కాబట్టి డాక్‌బుక్ నియమాన్నే మా స్టైల్ గైడ్‌లోకి ఎత్తుకొచ్చాం.

ఇంకో వాదన: ‘అ’ నుంచి ‘ఆ’కి లింకుంటే ‘ఆ’ నుంచి ‘అ’కి కూడా ఉండాలా? ఉండాలనేది మా జూనియర్ పట్టు. పదజాలాల కోసం వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ త్రీ సీ 2009లో ఖాయం చేసిన స్కోస్‌లో ‘సంబంధం’ అన్నది రెండు వైపులా చెల్లుతుంది, నిజమే. పెద్దది, చిన్నది అన్న సంబంధాలు కూడా ఒకదానికొకటి తిరగేసినవే. కానీ అది మెషీన్ లెక్క. రేక్ అంటే తెలియని మనిషికి వ్యాగన్ ఎంట్రీ కావాలి. వ్యాగన్ చదివేవాడికి రేక్, సైడింగ్, టిప్లర్, ఫ్రీ టైమ్ అని వ్యాగన్‌ను తలచిన ప్రతి మాటా కింద వరుస కడితే, అది గ్లాసరీ కాదు, పెళ్లి కార్డు మీద బంధువుల జాబితా. చివరికి ‘కలపొద్దు’ తప్పనిసరిగా రెండు వైపులా, మిగతావి అవసరాన్ని బట్టి అనుకున్నాం. ఒక ఎంట్రీకి ‘ఇవీ చూడండి’లో మూడు దాటితే వివరణ ఇవ్వాలి.

మాట లేకపోయినా ఉండాల్సిన లింకు

నాకు ఈ పని విలువ తెలిసింది వే బ్రిడ్జ్ చీటీ దగ్గర.

‘వే బ్రిడ్జ్ బరువు: నిండు లారీ బరువులోంచి ఖాళీ లారీ బరువు తీసేస్తే వచ్చే సరుకు బరువు.’ చక్కటి అర్థం, ఇంకో గ్లాసరీ మాట ఏదీ లేదు. బల్లకి ఆ చివర డ్రాఫ్ట్ సర్వే చీటీ ఉంది. బల్క్ సరుకు (మూటలు కట్టకుండా పోసి తెచ్చేది) ఎంత దిగిందో ఓడ ద్వారానే లెక్కకట్టే పద్ధతి అది. ముందు, మధ్య, వెనక, రెండు పక్కలా కలిపి ఆరు చోట్ల ఓడ మీద గుర్తులు చదివి, సరుకు దించకముందు ఎంత మునిగి ఉంది, దించాక ఎంత తేలింది అన్న తేడా నుంచి బరువు తేలుస్తారు. ఓడ నిలకడ కోసం నింపే బల్లాస్ట్ నీళ్లు, ఇంధనం, నీటి సాంద్రత అన్నీ లెక్కలోకి వస్తాయి.

ఈ రెండు అర్థాల్లోనూ ఒకదాని పేరు మరొకదానిలో లేదు. ఏ స్క్రిప్టూ వీటిని కలపలేదు. కానీ యార్డులో రోజూ జరిగే గొడవ ఈ రెండింటి మధ్యే. ఓడ చెప్పిన టన్నులకీ, లారీలన్నీ కలిపి చెప్పిన టన్నులకీ తేడా వస్తుంది. ‘తేడా రిపోర్టు’ అని మా సాఫ్ట్‌వేర్‌లో ఒక స్క్రీనే ఉంది. ఆ స్క్రీన్ తెరిచినవాడికి కావలసింది ఈ రెండు ఎంట్రీలూ పక్కపక్కన. లింకు పెట్టి, ఒక్క వాక్యం చేర్చాం: ‘ఈ రెండు బరువులూ వేర్వేరు పద్ధతుల్లో వచ్చినవి, అందుకే అచ్చంగా సమానం కావు.’

పరిభాష ప్రమాణం ఐఎస్‌ఓ 704లో భావాల మధ్య సంబంధాలు మూడు తీరులని చదివాను: జాతి–రకం, మొత్తం–భాగం, ఈ రెండూ కాకుండా పని వల్లో సందర్భం వల్లో ఏర్పడేది. మొదటి రెండూ డెస్క్ దగ్గర కూర్చునే పట్టుకోవచ్చు. మూడోది యార్డుకెళ్తే గానీ దొరకదు. అందుకే సూపర్‌వైజర్ గారిని ఒక మధ్యాహ్నం ఆ బల్ల దగ్గరికి పిలిచాం. గంటన్నరలో ఆయన జరిపిన చీటీలు మేం రెండు రోజుల్లో జరిపినవాటికన్నా ఎక్కువే పనికొచ్చాయి. డెడ్‌వెయిట్ చీటీని సరుకు బరువు పక్కన పెట్టి, “ఇది సరుకొక్కటే కాదమ్మా, నూనె, నీళ్లు, మనుషులు, సామాన్లు అన్నీ కలిపి. కొత్త కుర్రాళ్లు డెడ్‌వెయిట్ చూసి అంత సరుకొచ్చిందనుకుంటారు” అన్నారు. ఇంకో ‘కలపొద్దు’ పుట్టింది.

తెలుగులో వచ్చిన చిక్కులు

ఇంగ్లిష్ మాన్యువల్లో ఈ తలనొప్పి లేదు. తెలుగులో మాటకి విభక్తి అంటుకుంటుంది: బెర్త్‌కు, బెర్త్‌లో, బెర్త్ మీదికి, బెర్తులు. టర్మ్ రోల్‌లో బెర్త్ పెట్టి, మూసిన బ్యాక్‌టిక్ పక్కనే ‘కు’ రాస్తే స్ఫింక్స్ కింద ఉన్న రీస్ట్రక్చర్డ్ టెక్స్ట్ అనే రాత పద్ధతి ఒప్పుకోదు. రోల్ మూసిన వెంటనే ఖాళీయో విరామచిహ్నమో ఉండాలంటుంది. మధ్యలో బ్యాక్‌స్లాష్, స్పేస్ పెడితే దారికొస్తుంది, ఆ స్పేస్ అచ్చులో కనబడదు. కానీ పది చోట్ల అలా రాసిన ఫైలు చదవడం పంటి కింద రాయే. చివరికి, కనిపించే మాట ఒకటి, వెళ్లాల్సిన ఎంట్రీ ఒకటి విడిగా రాసే రూపానికే స్థిరపడ్డాం. ‘బెర్తుల్లో’ అని కనిపిస్తుంది, బెర్త్‌కి వెళ్తుంది. టైపింగ్ ఎక్కువే, అయినా వాక్యం తెలుగులా ఉంటుంది. లింకు కోసం వాక్యాన్ని వంకర తిప్పిన మాన్యువల్స్ చూశాను, అంతకన్నా లింకు లేకపోవడమే మేలు.

దీనికి తోడు ఒక సాయంత్రమంతా తినేసిన సంగతి ఇంకోటి. బిల్డ్ ఆగిపోయింది: గ్లాసరీలో బెర్త్ లేదట! గ్లాసరీ తెరిస్తే బెర్త్ నిక్షేపంలా ఉంది. మాన్యువల్లో ఉన్నదీ బెర్తే. పక్కపక్కన పెట్టి ఒక్కో అక్షరం పోల్చాం, తేడా లేదు. మా జూనియర్‌కి టెన్షన్, నాకు అనుమానం. చివరికి ఫైలు హెక్స్‌లో తెరిస్తే, ఒక బెర్త్ చివర 200సి అన్న యూనికోడ్ కోడ్ పాయింట్ (అక్షరానికి ఇచ్చే నంబరు) ఉంది. పొల్లు తర్వాత అక్షరం ఒత్తుగా మారకుండా ఆపడానికి తెలుగులో వాడే కనబడని గుర్తు అది. ‘బెర్త్‌కు’ అన్న మాటను ఎవరో కాపీ చేసి, ‘కు’ చెరిపేశారు. ‘కు’ పోయింది, కనబడని గుర్తు మిగిలింది. మాట చివర ఉన్నప్పుడు అది ఏ మార్పూ చూపించదు కాబట్టి కంటికి రెండూ ఒకటే, స్ఫింక్స్‌కి రెండు వేరు. ఇప్పుడు మా దగ్గర బిల్డ్‌కి ముందు నడిచే చిన్న చెక్ ఉంది: ఏ టర్మ్ అయినా ఆ గుర్తుతో ముగిస్తే ఆపేస్తుంది. స్క్రిప్టులంటే నాకు ద్వేషమేం లేదు. ఇలాంటి పనికి మనిషి కన్ను పనికిరాదు, స్క్రిప్టే కావాలి.

స్పెల్లింగ్ సంగతి తొందరగా ముగిస్తాను. డిమరేజ్, డెమరేజ్, డెమరేజీ అన్నీ వాడుకలో ఉన్నవే. స్ఫింక్స్‌లో ఒకే అర్థం పైన వరుసగా రెండు మూడు మాటలు రాయొచ్చు, దేన్ని వాడినా లింకు పడుతుంది. స్పెల్లింగ్ తేడాలకు అది వాడాం. మాటే వేరైనప్పుడు మాత్రం ‘చూడండి’ ఎంట్రీ పెట్టాం. కాటా అని వెతికేవాళ్లకి ‘చూడండి: వే బ్రిడ్జ్’ అని కనిపించాలి, ఎందుకంటే స్క్రీన్ మీద ఉన్న పేరు అది.

అచ్చులో

వే బ్రిడ్జ్ గదిలో కంప్యూటర్ పక్కన ప్రింటవుట్ వేలాడుతూ ఉంటుంది. కాగితం మీద నీలం మాటను నొక్కలేం. లింకుల పక్కన పేజీ నంబర్ వేసే సెట్టింగ్ పీడీఎఫ్ వైపు ఉంది. వేసి చూశాం. ప్రతి అర్థంలోనూ బ్రాకెట్లో పేజీ నంబర్లు వచ్చి టెలిఫోన్ బిల్లులా తయారైంది, తీసేశాం. గ్లాసరీ అక్షర క్రమంలోనే ఉంది కాబట్టి మాట కనిపిస్తే వెతుక్కోగలరు. కావలసిందల్లా ఇది గ్లాసరీలో ఉన్న మాట అన్న సూచన. ఐఎస్‌ఓ ప్రమాణాల్లో అలాంటి మాటను వాలు అక్షరాల్లో వేసి, పక్కన ఎంట్రీ నంబర్ ఇస్తారు. తెలుగు ఫాంట్లను వాలుగా వంచితే చూడలేం, అందుకని ముదురు అక్షరాలు పెట్టాం, అదీ ఒక అర్థంలో మొదటిసారి వచ్చిన చోట మాత్రమే.

ఈ లెక్కన మొత్తం 190లో అరవై దాకా అర్థాలు తిరగరాయాల్సి వచ్చింది. ఎనిమిది మాటలు తీసేశాం. వాటి చీటీలు ఎవరి పక్కనా కూర్చోలేదు, మాన్యువల్లో వెతికితే ఎక్కడా వాడనే లేదు. లింకుల పని అని మొదలుపెట్టింది నిజానికి అర్థాల రిపేరు అయింది, క్లయింట్‌కి బిల్లు వేసేటప్పుడు ఆ మాట చెప్పడానికి కాస్త ఇబ్బంది పడ్డాను.

డ్రాఫ్ట్ విషయం మాత్రం గ్లాసరీలో తేల్లేదు. డ్రాఫ్ట్ (ఓడ), డ్రాఫ్ట్ (ఎంట్రీ) అని రెండు చేసి ‘కలపొద్దు’ అని రాశాక, ఒకే స్క్రీన్ మీద ఓడ డ్రాఫ్ట్ గడి పక్కనే ‘డ్రాఫ్ట్‌గా సేవ్’ బటన్ ఉన్న సంగతి గమనించాం. డెవలపర్ల దగ్గరికి వెళ్లి రెండు చీటీలూ చూపించాను. తెలుగు స్క్రీన్లలో బటన్ పేరు ఇప్పుడు ‘తర్వాత పూర్తి చేస్తా’. డ్రాఫ్ట్ (ఎంట్రీ) కూడా గ్లాసరీలోంచి పోయింది. కంటైనర్ వైపు మాటలు ఇంకా సగం చీటీల మీదే ఉన్నాయి. సూపర్‌వైజర్ గారు మళ్లీ వస్తానన్నారు, ఈసారి కంటైనర్ యార్డు నుంచి ఇంకొకాయన్ని వెంటబెట్టుకుని.